ఏడో ప్రశ్న దగ్గర బొట్టు

"లాటినోళ్లు ఏ క్యాంపుల ఉంటరు, మస్తాన్ భాయ్?"

రాజన్న నన్ను మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది. నేను బడి బస్సు డ్రైవర్ని. మాది రాజంపేట దగ్గర. దోహాలో పద్నాలుగేళ్లుగా స్టీరింగ్ తిప్పుతున్నాను కాబట్టి ఇక్కడ ఏ దేశం వాళ్లు ఎక్కడుంటారో నాకు తెలియకుండా ఉండదని నాకో పొగరు. నేపాలీలు ఎక్కడ, బెంగాలీలు ఎక్కడ, ఫిలిప్పీన్ వాళ్లు ఏ గల్లీలో, కళ్లు మూసుకుని చెప్పగలను. ఈ లాటిన్ వాళ్లెవరో మాత్రం తెలియలేదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక, "అల్ హిలాల్ పక్క ఉంటార్లే, విల్లాల్లో" అనేశాను. నా అబద్ధం నమ్మి ఆ మనిషి రెండు శుక్రవారాలు అల్ హిలాల్ వీధులన్నీ తిరిగొచ్చాడని తర్వాత తెలిసింది. అప్పుడు నా మీద నాకే ఒళ్లు మండింది.

రాజన్నది జగిత్యాల జిల్లా. నలభై ఆరేళ్ల మనిషి, సన్నగా ఊచలా ఉంటాడు. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు కోసం ఊరు ఊరంతా తవ్విపోస్తున్న రోజుల్లో వచ్చి, లుసైల్‌లో మూడేళ్లు ఇనుప చువ్వలు వంచాడు. ఫుట్‌బాల్ ఆటకు ఒక పక్క ఎంతమంది ఉంటారని అడిగితే ఇవాళ్టికీ తొమ్మిది అంటాడు. 2020 ఎండాకాలంలో పని మీదే కళ్లు తిరిగి పడిపోయాడు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, మళ్లీ ఎండలో పని చేస్తే మనిషి మిగలడని డాక్టర్ చెప్పాడు. ఇంటికి పంపేస్తారనుకుంటే, మనుషుల్ని సప్లై చేసే ఆ కంపెనీ సూపర్‌వైజర్ నాగప్ప ఏ కళనున్నాడో గాని మా బడి ప్రింటింగ్ గదిలో పడేశాడు. చల్లటి గది, ఒక పెద్ద జిరాక్స్ మిషను, ఒక స్టూలు. రాజన్న మొదటి వారం ఆ గదిలోంచి బయటికే రాలేదు. బయటికొస్తే ఎక్కడ తలుపేసుకుంటారోనని భయపడ్డాడట.

బడిలో లాటిన్ చెప్పేది హారియెట్ మేడం. ఇంగ్లండ్ మనిషి, యాభై దాటాయి, కళ్లజోడు దారంతో మెడలో వేలాడుతుంటుంది. మిగతా టీచర్లందరూ కంప్యూటర్‌లో మీట నొక్కితే వాళ్ల కాగితాలు వచ్చి ట్రేలో పడతాయి. ఈవిడ అలా కాదు. నెట్‌లో నుంచి రకరకాల పాఠాలు దించుకుని, అచ్చు వేసుకుని, కత్తెరతో కత్తిరించి, ఒక దాంట్లో బొమ్మ, ఒక దాంట్లో ప్రశ్న తీసి తెల్లకాగితం మీద జిగురుతో అతికించేది. ఆ అతుకుల కాగితం తెచ్చి రాజన్న చేతిలో పెట్టేది. "ఇరవై ఆరు కాపీలు, ఇంకా ఒక స్కాన్ తీసి నాకు ఈమెయిల్" అని వేళ్లతో సైగ చేసి చెప్పేది.

ఆ నెట్ సంగతి నాకు ఒకసారి బస్సులో ఆవిడే చెప్పింది. లాటిన్ టీచరు అన్నవాళ్లు బడికి ఒక్కరే ఉంటారట. పాఠం ఎలా చెప్పాలో పక్క గదిలో అడుగుదామంటే ఇంకో లాటిన్ టీచరు ఉండరు. అందుకని దేశదేశాల్లో ఉన్నవాళ్లంతా ఒక వెబ్‌సైట్‌లో కూడతారు. ఒకరు చేసిన బొమ్మల పాఠం, ఇంకొకరు రాసిన పరీక్ష, మరొకరు కనిపెట్టిన ఆట అందులో పెడతారు, కావలసినవాళ్లు దించుకుంటారు. కరోనాలో పాఠాలన్నీ ఆన్‌లైన్ అయినప్పుడు ఆ వెబ్‌సైటే తనని బతికించిందంది. ఇదంతా నేను రాజన్నకి చెబితే వెంటనే తలూపాడు.

"గామె గూడ మన లెక్కనే, భాయ్. పక్కపొంటి మనోళ్లు ఎవ్వలుండరు. ఫోన్ల కలుసుకుంటరు."

అర్థమైంది అంతవరకే. ఆ భాష మాట్లాడే మనుషులు ఎక్కడ అన్న చోట మాత్రం అతని బుర్ర ఆగిపోయింది. దోహాలో ప్రతి భాషకీ ఒక మనిషి ఉంటాడు. మలయాళం అంటే టీకొట్టు కోయా, నేపాలీ అంటే పక్క మంచం బహదూర్. మనిషి లేని భాష అతను చూడలేదు. ఒక లాటిన్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని శుక్రవారం కూలీలంతా చేరే ఏషియన్ టౌన్‌కి పట్టుకుపోయాడు. సినిమా హాలు ముందు నిలబడి పోయేవాడికల్లా చూపించాడు. నేపాలీ అతను తల అడ్డంగా ఊపాడు. ఫిలిప్పీన్ అతను గడగడా చదివేసి, "అర్థం మాత్రం మాఫీ" అన్నాడు, మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదని. చదవొచ్చిందిగాని అర్థం తెలియదేమిటో రాజన్నకి బోధపడలేదు. చివరికి కెన్యా సెక్యూరిటీ గార్డు ఒకడు కాగితం చూసి, ఇది తన ముత్తాతల కాలంలో చర్చిలో చదివే భాష, దేవుడికి తప్ప ఎవరికీ తెలియదని చెప్పాడు.

ఆ మాటతో రాజన్న తీరే మారిపోయింది. లాటిన్ కాగితం కిందపడితే తీసి కళ్లకద్దుకునేవాడు. కాలు తగలనిచ్చేవాడు కాదు. లెక్కల కాగితాలు పడితే మాత్రం అలాగే వదిలేసేవాడు. "ఏందయ్యా ఈ భక్తి?" అని నేను ఎగతాళి చేస్తే, "మంత్రాల భాష భాయ్. మనకు సమజ్ గాకుంటె ఏమాయె?" అనేవాడు.

2021లో దసరా శుక్రవారం వచ్చింది, ఇక్కడ శుక్ర, శనివారాలు బడికి సెలవు. బుధవారం రాత్రి ఊరి నుంచి ముత్తవ్వ, అంటే రాజన్న భార్య, ఫోన్ చేసింది. ఆమెకి గల్ఫ్ అంతా దుబాయే. "దుబాయ్‌ల మిషన్లకు బొట్టు వెడ్తరా? పోయినేడు నువ్వు సైటుల కటింగ్ మిషనుకు బొట్టు వెట్టక పోతివి, ఎండల వడితివి. గీ మిషనే కద నిన్ను నీడకు దెచ్చింది. దానికి దండం వెట్టకుంటె ఎట్ల?" అంది. ఆమె తారీఖుల లెక్క తప్పు. అతను పడిపోయింది ఎండాకాలంలో, ఆ ఏటి దసరా ఆ తర్వాతెప్పుడో వచ్చింది. ఆ మాట రాజన్నకీ తెలుసు. అయినా ఆమె అన్నాక మనసు ఊరుకుంటుందా?

గురువారం బడి వదిలాక తలుపు దగ్గరికి వేసి, రాజన్న మిషను తుడిచి పండగ చేశాడు. పైన బొట్టు పెడితే నాగప్ప చూస్తాడు. అందుకని మూత ఎత్తి, లోపల అద్దం మీద, ఒక పక్క అంచుకి పసుపు తడిపి పెట్టి, దాని మీద కుంకుమ అద్దాడు. రెండు చేతులూ జోడించి దండం పెట్టుకున్నాడు. ఆదివారం పొద్దున్నే అందరికంటే ముందొచ్చి గుడ్డతో తుడిచేశాడు కూడా. ఇక్కడే వచ్చింది తంటా. దేవుడి పేరు మీద పెట్టిన బొట్టుని గట్టిగా రుద్ది చెరిపేయడానికి అతనికి చేయి రాలేదు. నెమ్మదిగా, పసిపిల్ల మూతి తుడిచినట్టు తుడిచాడు. ఎండి గట్టిపడిన పసుపుకుంకుమ నువ్వుగింజంత అక్కడే ఉండిపోయింది. అతను చూసుకోలేదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి. ఆ వారం జరిగింది మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

హారియెట్ మేడం ఎనిమిదో తరగతికి లాటిన్ పరీక్ష పెట్టింది. నెట్‌లో దొరికిన నాలుగైదు పరీక్షల ముక్కలు అతికించి చేసిన కాగితం. ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులు, ఒక్కో జవాబు ముందు ఎడమపక్క అంచున చిన్న గడి. పిల్లలు సరైన గడిలో గుర్తు పెట్టాలి. దిద్దుతుంటే ఏడో ప్రశ్నకి ఇరవై ఆరుమందిలో ఇరవై నాలుగుమంది మూడో గడినే ఎంచుకున్నారు. మూడోది తప్పు జవాబు. క్లాసులో అన్నిటికంటే తేలిక ప్రశ్న అదేనట. ఎప్పుడూ అన్నీ సరిగ్గా రాసే పిల్ల కూడా మూడో గడే పెట్టింది. మేడం అడిగితే పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆఖరికి ఒకడు నోరు విప్పాడు. మూడో గడిలో ముందే నల్ల చుక్క ఉంది, మీరు జవాబు చెరపడం మర్చిపోయారనుకుని మేం గప్‌చుప్‌గా అదే పెట్టేశాం అన్నాడు.

మేడం కాగితాలన్నీ తిరగేసింది. నిజమే, ఇరవై ఆరింటిలోనూ అదే చోట చుక్క. ఆ ప్రశ్న స్కాట్లండ్‌లో ఒక టీచరమ్మ నెట్‌లో పెట్టింది. ఆమె కాగితంలోనే తప్పుందనుకుని ఈమెయిల్ రాస్తే, నా దాంట్లో చుక్కా లేదు గిక్కా లేదు అని ఆమె జవాబు రాసింది. ఈలోపు ఇంకోటి జరిగింది. మేడం తన పరీక్ష స్కాన్‌ని కూడా అలవాటుగా ఆ వెబ్‌సైట్‌లో పెట్టేసింది. ఆస్ట్రేలియా నుంచి ఎవరో, ఏడో ప్రశ్నకి తప్పు జవాబు గుర్తుపెట్టారేమిటని కింద రాశారు. తోటి లాటిన్ టీచర్లందరి ముందూ మేడంకి తల తీసేసినట్టయింది. బళ్లో ఒక పిల్లవాడి తండ్రి ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి, జవాబులు గుర్తుపెట్టిన పరీక్షలేంటి, అవీ తప్పులేంటి అని గొడవ చేశాడు. పరీక్ష కాగితంలో ఎవరు వేలు పెట్టారో తేల్చమన్నాడు. వేలు పెట్టగలిగింది ప్రింటింగ్ గదిలో ఉండే ఒకే ఒక్క మనిషి.

బుధవారం మధ్యాహ్నం బస్సు రూట్ల లిస్టు కోసం నేను ఆ గదికి వెళ్లేసరికి నాగప్ప అక్కడున్నాడు. రాయచూరు పక్క మనిషి, తెలుగు బాగా వచ్చు. రాజన్న స్టూలు పక్కన నిలబడి నేల చూస్తున్నాడు.

"చూడప్పా," అంటున్నాడు నాగప్ప, "నువ్వేం చేశావో నాకొద్దు. రేపటికి సంగతి తేలకపోతే ఆదివారం నుంచి నీ ప్లేసులో వేరే మనిషి. నువ్వు లుసైల్ సైటుకి. నా దగ్గర వేరే ఖాళీ లేదు."

"సారూ, నేనేం చెయ్యలే సారూ. అన్ని కాగితాలు ఒక్క తీర్గనే తీస్త. లాటిన్ కాగితాలకే చుక్క ఎట్ల వడ్తదో నాకు సమజైతలేదు."

నాకూ సమజు కాలేదు. లెక్కలకి లేదు, సైన్సుకి లేదు, లాటిన్‌కే ఎందుకు? దేవుడి భాష కదా, ఏదైనా మహిమేమోనని క్షణంసేపు నాకూ అనుమానం వచ్చింది, నవ్వకండి. తర్వాత తట్టింది. మిగతా కాగితాలు కొన్ని కంప్యూటర్ నుంచి నేరుగా వస్తాయి, కొన్ని పైనున్న సందులో దొంతరగా పెడితే మిషనే ఒక్కొక్కటి లాక్కుంటుంది. మేడం అతుకుల కాగితం ఆ సందులో పెడితే జిగురుకి ఇరుక్కుంటుంది. అందుకని అది ఒక్కటే మూత ఎత్తి అద్దం మీద బోర్లా పెట్టాలి. నేను ఒక తెల్లకాగితం అద్దం మీద వేసి మీట నొక్కాను. బయటికొచ్చిన కాగితం మీద, ఎడమ అంచున, నువ్వుగింజంత నల్లచుక్క.

రాజన్న మూత ఎత్తి అద్దం మీదికి వంగాడు. చుక్క దగ్గర వేలు పెట్టి చూశాడు. 

"గా చుక్క నా బొట్టే, భాయ్," అన్నాడు.

విషయమంతా విన్నాక నాగప్ప నెత్తి కొట్టుకున్నాడు. అయినా బుర్ర ఉన్న మనిషి, దారి వెంటనే చెప్పాడు. "ఇప్పుడే రుద్దిపారెయ్. మిషను పాతబడింది, అద్దంలో మచ్చ పడిందని నేను రాసిస్తా. రిపేరు మనిషి వస్తాడు, అయిపోతుంది. బడి మిషనుకు పూజ చేశానన్నావంటే మాత్రం నిన్ను దేవుడు కూడా కాపాడలేడు."

నేను కూడా సరేనన్నాను. "అదే మేలు రాజన్నా. మిషను ఏమన్నా నోరు తెరిచి చెప్పబోతాందా?" అన్నాను. రాజన్న గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. అద్దం మీదికి వంగాడు. మళ్లీ లేచాడు.

"నాతోని గాదు, సారూ."

"ఏం కాదు?"

"పండుగనాడు దండం వెట్టిన. వారం తిరగకుండ దాని మీద నేరం మోపుతనా? ఎండల నుంచి నన్ను బయటికి గుంజింది గదే. దాని కిందనే కూసుండి అన్నం తింటున్న."

నాకు కోపం ఆగలేదు. ఇనుముకి పరువేమిటి, నీ ప్రాణం ముఖ్యమా అది ముఖ్యమా, ముత్తవ్వకి ఏం చెప్పమంటావు, అని నోటికొచ్చినట్టు తిట్టాను. అతను తలొంచుకుని అన్నీ విన్నాడు. అన్నీ విన్నాక, "మేడం తాన్కి పోదాం రా, భాయ్. నాకు ఇంగ్లిష్ రాదు," అన్నాడు. వీడు తెలివితక్కువవాడో, మనందరికంటే తెలివైనవాడో నాకు ఆ రోజు అర్థం కాలేదు. ఇవాళ్టికీ కాలేదు.

పోవలసిన పని లేకపోయింది. మేడమే వచ్చింది, చేతిలో ఆ పరీక్ష కాగితాలతో. రాజన్న మూత ఎత్తి అద్దం మీద చుక్కని వేలితో చూపించాడు. ఇక చెప్పడం నా వంతు. బస్సు డ్రైవర్ ఇంగ్లిష్‌లో ఆయుధపూజ ఎలా చెప్పాలో మీరే ఆలోచించండి. "మేడం, సంవత్సరానికి ఒక రోజు మేము మిషన్లకి థాంక్స్ చెబుతాం" అన్నాను. మేము అన్నాక నాలిక కరుచుకుని, "నేను ముస్లిం, ఈయన చెబుతాడు" అని దిద్దాను. ఎర్రరంగు అన్నాను, దేవుడన్నాను, భార్య ఫోన్ చేసిందన్నాను. మేడం కళ్లజోడు పెట్టుకుని చుక్కవంక, రాజన్నవంక, నావంక మార్చి మార్చి చూసింది. నేనేం చెబుతున్నానో నాకే తెలియకుండా పోయింది.

"తుడవలేదా?" అని అడిగింది.

"తుడిచిన మేడం. దేవుని బొట్టు గద, మెల్లగ తుడిచిన."

"మిషను పాడైందని చెప్పి ఉండొచ్చుగా?"

రాజన్న నాగప్పతో అన్న మాటే మళ్లీ అన్నాడు. నేను దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చాను. మేడం ఆ కాగితాలు అక్కడే పెట్టి ప్రిన్సిపాల్ గదివైపు వెళ్లిపోయింది.

ఆ అరగంట నా జన్మలో మర్చిపోను. నాగప్ప గోడకానుకుని ఫోన్ చూసుకుంటున్నాడు, ఆదివారానికి కొత్త మనిషి కోసం. రాజన్న స్టూలు మీద కూర్చోలేదు. గుడ్డతో మిషను పక్కలన్నీ తుడుస్తూ పోయాడు, సామాను సర్దుకునేవాడు ఇల్లు ఊడ్చినట్టు. నాకు భయం వేసింది. ఆ మనిషి మళ్లీ లుసైల్ ఎండలోకి వెళ్తే తిరిగి రాడని నాకు తెలుసు.

మేడం వచ్చి నాగప్పతో మాట్లాడింది. పరీక్షకి ముందు కాగితం చూసుకోవలసింది తనే, చూసుకోలేదు, తప్పు తనదే అని ప్రిన్సిపాల్‌కి రాసిచ్చిందట. ఏడో ప్రశ్న రద్దు. ఆదివారం రాజన్న ఇక్కడికే డ్యూటీకి రావాలి. నాగప్ప ఫోన్ జేబులో పెట్టుకుని, "బతికిపోయావప్పా," అని రాజన్న భుజం తట్టి వెళ్లిపోయాడు. రాజన్న ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదుగాని అప్పుడు స్టూలు మీద కూర్చున్నాడు.

మేడం అతనితో ఇంకో మాట చెప్పమంది. ఆ లాటిన్ మాట్లాడే జనం కూడా ఇంట్లో దేవుళ్లని పెట్టుకుని పూజించేవాళ్లట. ఏడాదికొకసారి చేతిపని వాళ్లంతా పనులు ఆపుకుని, తమ విద్యల దేవతకి పండగ చేసేవాళ్లట. నేను చెప్పగానే రాజన్న కళ్లు పెద్దవయ్యాయి. ఇన్నాళ్లూ వెతుకుతున్న మనుషులు దొరికినట్టే అనుకున్నాడు.

"గట్లనా! మరి గాళ్లు ఏడ ఉంటరు, మేడం?"

నేను అడిగాను. మేడం చెప్పింది. ఎక్కడా లేరు. ఎన్నో వందల ఏళ్లయింది. తల్లి ఒళ్లో ఆ భాష నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు భూమ్మీద ఒక్కరూ లేరు.

రాజన్న నావైపు అనుమానంగా చూశాడు. నేను మళ్లీ ఏదో తప్పు చెబుతున్నానని అతని అనుమానం. "ఒక్కలు సుత లేరా? మరి గీమె ఎవలి కోసం చెప్తున్నది?"

"మొత్తానికి తుడిచిపెట్టుకుపోకుండా," అంది మేడం.

రాజన్న అద్దం మీద చుక్కని చూశాడు. "గట్టిగ రుద్దకుంటె ఏం పోదు, మేడం," అన్నాడు. "ఇంతన్న ఉంటది."

ఆ మాట నేను ఆవిడకి చెప్పాను.  మేడం కళ్లజోడు తీసి దారానికి వదిలేసింది. అయినా అద్దం శుభ్రం చేయాలి కదా అంది. రాజన్న గుడ్డ ఆవిడకిచ్చాడు. ఆవిడ గుడ్డ పట్టుకుని అద్దం మీదికి వంగి, ఏమనుకుందో, దాన్ని నా చేతిలో పెట్టింది. ఇద్దరూ నావంకే చూస్తున్నారు. నేను సాయిబుని, నాకీ బొట్టుతో పనేముంది? రుద్దేద్దామనే వంగాను. నాకూ చేయి రాలేదు.

చివరికి మేడమే ఉపాయం చెప్పింది. అతికించేటప్పుడు తను కుడిపక్క రెండు వేళ్ల ఖాళీ వదులుతుంది, రాజన్న కాగితాన్ని అద్దం మీద రెండు వేళ్లు పక్కకి జరిపి పెడతాడు, చుక్క గడుల మీద పడకుండా పక్క ఖాళీలోనే ఉండిపోతుంది. మర్నాటి నుంచి అలాగే చేశారు. రాజన్న కిందటేడు ఊరికి వెళ్లిపోయాడు, మేడం ఇప్పటికీ ఇక్కడే ఉంది. ఆ వెబ్‌సైట్‌లో మా బడి నుంచి వెళ్లిన లాటిన్ కాగితాలన్నిటికీ ఎడమపక్క రెండు వేళ్ల ఖాళీ, అందులో ఒక చుక్క ఉంటుంది. అది ఎందుకని ఇంతవరకు ఎవరూ అడగలేదట.